నీళ్ళు పోశాక

మా రెస్టారెంటులో సముద్రం వైపు గోడ ఉండదు, అద్దం ఉంటుంది. అద్దాన్ని ఆనుకుని ఒక వరస టేబుళ్ళు, వాటి మీద తెల్లటి గుడ్డలు, పొట్టి గాజు గిన్నెల్లో కొవ్వొత్తులు. అక్కడ కూర్చున్నవాళ్ళకి సముద్రం కనిపిస్తుంది. ఒడ్డు రోడ్డు మీద పోయేవాళ్ళకి అక్కడ కూర్చున్నవాళ్ళు కనిపిస్తారు. మా మేనేజరుకి ఈ రెండోదే ముఖ్యం.

"బట్టల షాపు ముందు నిలబెట్టే బొమ్మలకి ఏం తొడుగుతారమ్మా? షాపులో ఉన్నవాటిలో మంచివి కదా. అద్దం పక్కన కూర్చునేవాళ్ళు మన బొమ్మలు," అన్నాడు నేను చేరిన రోజున.

మిగతా టేబుళ్ళు లోపల, లావుపాటి స్తంభం వెనక ఉంటాయి. అక్కడ కూర్చుంటే కనిపించేది వంటింటి తలుపు. అది తెరుచుకున్నప్పుడల్లా గిన్నెల మోత, దాని వెనకే కాస్త ఆవిరి బయటికి వస్తాయి.

నా పని ముందు తలుపు దగ్గర. వచ్చినవాళ్ళని నవ్వుతూ పలకరించి టేబులు దాకా తీసుకెళ్ళాలి. ఏ టేబులన్నది నా చేతిలో లేదు. మేనేజరు పూల కుండీ పక్కన నిలబడి చెప్తాడు, అదీ నోటితో కాదు. కుడిచేత్తో కోటు సర్దుకుంటే సముద్రం వైపు. ఎడమచేత్తో సర్దుకుంటే స్తంభం వెనక్కి. ఆయన ఏ మనిషినైనా కాళ్ళ దగ్గర మొదలుపెట్టి చూస్తాడు. మొహం అబద్ధమాడుతుంది గానీ బూట్లు ఆడవని ఆయన సిద్ధాంతం. చాటున మేమందరం ఆయన్ని తూకంసారు అంటాం.

ఈ హోటలు పెట్టింది ఒక పెద్దావిడ. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక మేడ మీదే ఉంటుంది. అప్పుడప్పుడు ఓపిక చేసుకుని దిగి, సూపు రుచి చూసి, ఉప్పు గురించి ఒక మాట అని వెళ్ళిపోతుంది. ఆవిడ పెట్టిన పద్ధతులు చాలావాటిని తూకంసారు మార్చేశాడు గానీ ఒక్కదాని జోలికి మాత్రం పోలేకపోయాడు. గ్లాసులో నీళ్ళు పోశాక అతిథిని లేపకూడదు. ఎంతటివాళ్ళు వచ్చి నిలబడినా సరే, లేపకూడదు. నీళ్ళు పోయడమంటే ఈ చోటు మీదేనని ఒప్పుకోవడం అంటుందట ఆవిడ.

అందుకే మా దగ్గర నీళ్ళు ఆలస్యంగా వస్తాయి. అతిథి కూర్చున్నాక తూకంసారు ఇంకోసారి తేరిపార చూసి తలూపితేనే వెయిటరు జగ్గు ఎత్తుతాడు. ఈలోపు ఇంకాస్త మెరిసే బూట్లు వస్తే, "క్షమించాలి, ఈ టేబులు కాలు ఊగుతోందండీ," అని కూర్చున్నవాళ్ళని లేపి స్తంభం వెనక్కి పంపుతారు. మా టేబుళ్ళలో కాలు ఊగేది ఒక్కటీ లేదు.

మా మేనత్త సిటీ బస్సులో కండక్టరు. ఊళ్ళో బడి చదువు అయ్యాక నేను వచ్చి పడింది ఆవిడ ఇంట్లోనే. నేను పది మాటలకి ఒక మాట ఆడేదాన్ని. ఆవిడ మిగతా తొమ్మిదీ ఆడేసేది. అందుకని మా ఇల్లు ఎప్పుడూ నిండుగానే ఉండేది.

ఆవిడ బస్సు ఒడ్డు రోడ్డు మీదుగానే పోతుంది. మా రెస్టారెంటు ఎదురుగా సిగ్నలు ఉంది. ఎర్రలైటు పడ్డప్పుడల్లా అత్త ఫుట్‌బోర్డు మీద నిలబడి మా అద్దంలోకి చూసేది. చూసిందంతా రాత్రి అన్నం దగ్గర నాకు తిరిగి చెప్పేది, నేనేదో అక్కడ లేనట్టు.

"ఇవాళ ఎర్ర గౌనావిడ ఒకత్తె కూర్చుంది చూడూ, ఒకే ఆకుని పొడుస్తూ ఉంది. నేను పోయేటప్పుడూ అదే ఆకు, వచ్చేటప్పుడూ అదే ఆకు. పాపం అది ఆవిడకేం ద్రోహం చేసిందో!"

ఒకరోజు ఇలాగే చూస్తుంటే, డ్రైవరు అద్దంలోంచి ఆవిడ మొహం చూసి నవ్వాడట. ఆయన పేరు ఏదైనా, అందరూ పిలిచేది సడన్‌బ్రేకు అనే.

"చూడు చూడు. చూడ్డానికి టిక్కెట్టు లేదు కదా. నిన్ను లోపల కూర్చోనిచ్చిన రోజు చెప్పు, సిగ్నలు దాటేదాకా హారను మీంచి చెయ్యి తీయను."

బస్సంతా నవ్వింది. అత్త కూడా నవ్వానంది. కానీ ఆ మాట నాకు చెప్తున్నప్పుడు నవ్వలేదు. కంచం అంచు మీద మెతుకుల్ని వేలితో ఒక దగ్గరికి తోస్తూ కూర్చుంది.

రెండు మూడు రోజులకి, మధ్యాహ్నం ఖాళీ వేళ రెస్టారెంటు ఫోను మోగింది. టేబుళ్ళ కోసం వచ్చే ఫోన్లు తీసేది నేనే.

"అండీ, శనివారం సాయంత్రానికి ఒక టేబులు కావాలి. ఒక్కరికి," అంది గొంతు. ఆగిన ప్రతి స్టాపు పేరునీ అరిచి అరిచి బొంగురుపోయిన ఆ గొంతుని నేను నిద్రలో కూడా పోలుస్తాను.

ఆవిడ పోల్చనట్టే మాట్లాడింది కాబట్టి నేనూ అలాగే మాట్లాడాను. "తప్పకుండా అండీ. ఎక్కడ కావాలి?"

"సముద్రం వైపు. సిగ్నలుకి దగ్గరగా ఉన్న మూల టేబులు."

"విశేషం ఏమైనా ఉందా అండీ? పుట్టినరోజు, పెళ్ళిరోజు..." అది అందరినీ అడగాలి. అడిగితే చివర్లో చిన్న కేకు పెడతారు.

"ఆకలి," అంది.

ఆ మూల టేబులు ఇంకెవరూ అడగలేదు. "ఇస్తామండీ," అన్నాను.

ఫోన్లో చెప్పేదానికి తలుపు దగ్గర విలువ ఉండదని నాకు తెలుసు. కానీ అన్నది నేను. నా నోటితో అన్నాను.

ఆ వారమంతా ఇంట్లో ఇద్దరమూ ఆ సంగతి ఎత్తలేదు. శుక్రవారం రాత్రి ఆవిడ నీలం రంగు బట్టలు ఇస్త్రీ చేస్తుంటే ఉండబట్టలేక, "అత్తా, కొత్త చెప్పులు కొనుక్కుందామా?" అన్నాను.

ఏళ్ళ తరబడి ఊగే బస్సులో నిలబడి ఆవిడ పాదాలు చేటల్లా విచ్చుకున్నాయి. లావు అడుగున్న డ్యూటీ బూట్లు తప్ప ఇంకేవీ పట్టవు.

"ఎందుకే?" అంది ఇస్త్రీ పెట్టె ఎత్తి.

"అక్కడ... కాళ్ళు చూస్తారు."

"తినేది నోటితోనా, కాళ్ళతోనా?"

ఆవిడ ఇస్త్రీ ముగించి, ఆ బూట్లకే పాలిష్ పెట్టడం మొదలుపెట్టింది. పాత బనీను గుడ్డతో, పళ్ళు బిగబట్టి, ఎవరిమీదో కసి తీర్చుకుంటున్నట్టు.

శనివారం పొద్దు వాలుతుండగా వచ్చింది. అలవాటు కొద్దీ టిక్కెట్ల సంచీ భుజానికి అడ్డంగా వేసుకునే వచ్చింది. లోపల టిక్కెట్లు లేవు, దువ్వెనా స్టీలు నీళ్ళసీసా ఉన్నాయి. జుట్టు నున్నగా దువ్వింది. బూట్లు మెరుస్తున్నాయి, కానీ అవి బూట్లే.

"నమస్కారమండీ. నా పేరున టేబులు ఉండాలి," అంది నాతో, కళ్ళలో నవ్వు దాచుకుని.

నేను పూల కుండీ వైపు చూశాను. తూకంసారు చూపు ఆవిడ కాళ్ళ దగ్గర ఆగింది, సంచీ దాకా పాకింది, మొహం దాకా రాలేదు. ఎడమచెయ్యి కోటు మీద పడింది.

"రండి," అన్నాను.

హాలు మధ్యలో నల్లరాయి పరిచిన దారి రెండుగా చీలుతుంది. ఎడమకి తిరిగితే స్తంభం. అక్కడిదాకా నా కాళ్ళు మామూలుగానే నడిచాయి. వెనకాల ఆవిడ బూట్లు టక్కు టక్కుమని వినిపిస్తున్నాయి. ఊగే బస్సులో ఎవరినీ పట్టుకోకుండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచే కాళ్ళవి. కుడివైపు తిరిగాను.

మూల కుర్చీ లాగాను. ఆవిడ కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, అద్దంలోంచి బయటికి చూసి, "సిగ్నలు బాగా కనిపిస్తుందే!" అంది.

హాల్లో గొంతు పెంచకూడదన్నది తూకంసారు పెట్టిన రూలే. అందుకని ఆయన అరవలేడు. దారిలో ఉన్న టేబుళ్ళకి చిరునవ్వులు పంచుతూ, పరుగులాంటి నడకతో బయల్దేరాడు.

జగ్గు గోడ పక్కన బల్ల మీద ఉంది. దాని ముందు మా పెద్ద వెయిటరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన అతిథుల ముందు మాట్లాడేదంతా చెవిలో చెప్పినట్టే ఉంటుంది కాబట్టి మేము గుసగుసన్న అంటాం.

"చెల్లీ, సారు తలూపలేదు," అన్నాడు పెదవులు కదపకుండా.

"చూశానన్నా. కొంచెం పక్కకి జరుగు."

ఆయన జరగలేదు. అలాగని అడ్డమూ నిలబడలేదు. బూటు లేసు ఊడినట్టు కిందకి వంగాడు. నేను జగ్గు తీసుకున్నాను. తలుపు దగ్గర అమ్మాయి జగ్గు ముట్టుకోవడం ఆ హాలు ఎన్నడూ చూడలేదు. ఒక చుక్క తెల్లగుడ్డ మీద పడింది. అయినా ఆపలేదు. గ్లాసు అంచుదాకా పోశాను. జగ్గు దించేసరికి తూకంసారు పక్కనే ఉన్నాడు.

"క్షమించాలి మేడం. ఈ టేబులు కాలు కొంచెం ఊగుతోంది. మీకు లోపల..."

అత్త రెండు చేతులూ టేబులు మీద పెట్టి గట్టిగా ఊపింది. గ్లాసులో నీళ్ళు కదిలాయి గానీ టేబులు కదలలేదు.

"ఊగట్లేదు బాబూ. ఊగినా ఫరవాలేదు, నాకు అలవాటే. నా ఉద్యోగమే ఊగేది."

"అది కాదు మేడం. ఈ టేబులు ఇంకొకరికి..."

"ఫోను చేసి అడిగాను. ఇస్తామన్నారు."

"ఫోన్లో ప్రయత్నిస్తామని చెప్తామండీ, అంతే కానీ..."

"ప్రయత్నిస్తామని నేననలేదు సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇస్తామన్నాను. నీళ్ళు కూడా పోశాను."

ఆయన అప్పుడు చూశాడు గ్లాసుని. మనుషుల బూట్లని చూసినట్టే, కిందనుంచి పైదాకా చూశాడు. అత్త ఆ చూపు చూసింది. గ్లాసు ఎత్తి, గటగటా సగం తాగి, మూతి తుడుచుకుంది.

"తాగాను కూడా. ఇక కక్కమంటారా?"

పక్క టేబులు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. తూకంసారు తల వంచి, "మంచిది మేడం," అని వెనక్కి తిరిగాడు. తిరుగుతూ నా మోచెయ్యి దగ్గర ఒక సైగ చేశాడు. కుండీ దాకా ఆయన వెనకే వెళ్ళాను.

"ఎవరావిడ నీకు?" మొహం మీద చిరునవ్వు అలాగే ఉంది, మాట మాత్రం పళ్ళ సందుల్లోంచి వచ్చింది.

"అతిథి సార్."

"నాతో ఆటలా? ఆ ముక్కూ నీ ముక్కూ ఒక్కటే."

"మా మేనత్త. కానీ మేనత్త అని ఇవ్వలేదు. అడిగారని ఇచ్చాను."

"పెద్దావిడతో మాట్లాడతాను. రేపు నువ్వు ఈ తలుపు దగ్గర ఉండవు."

"మాట్లాడండి సార్. నీళ్ళు పోశాక లేపకూడదన్న ఆవిడ మాటే పాటించానని కూడా చెప్పండి." అక్కడితో ఆగుదామనుకున్నాను. కానీ ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న మాటలు ఒకదాని చెయ్యి ఇంకొకటి పట్టుకుని వస్తాయి కాబోలు. "ఇవాళ్టికి తలుపు నాదే కదా సార్," అన్నాను.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఒక తండ్రీ, బడి బట్టల్లో కూతురూ. ఇద్దరి చెప్పులకీ ఇసుక. ఎడమచెయ్యి కోటు మీద పడే ఉంటుంది. నేను చూడలేదు. "రండి," అని సముద్రం వైపు నడిచి, కుర్చీలు లాగి, వాళ్ళు ఇంకా సర్దుకుని కూర్చోకముందే నీళ్ళు పోసేశాను. ఆ పిల్ల అద్దానికి ముక్కు ఆనించి ఊపిరితో బొమ్మ గీయడం మొదలుపెట్టింది.

తరవాత డ్యూటీ దిగి వచ్చిన ఇద్దరు నర్సులు, రబ్బరు చెప్పులు. వాళ్ళ తరవాత చేతికర్రతో ఒక ముసలాయన, ఒక్కడే. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి కట్టు. తూకంసారు సిద్ధాంతం ప్రకారం ఈయన్ని సగం సముద్రం వైపూ సగం స్తంభం వైపూ కూర్చోబెట్టాలి. నేను మొత్తంగా సముద్రం వైపే కూర్చోబెట్టాను.

మళ్ళీ జగ్గు కోసం వెళితే గుసగుసన్న, "నింపి పెట్టాను చెల్లీ. పక్కన ఇంకోటి కూడా ఉంది," అన్నాడు. ఇంకా పెదవులు కదపలేదు.

ఆ వరసంతా నిండిపోయాక వచ్చారు కెమెరా దంపతులు. మేము పెట్టిన పేరే అది. మా వంటలకి ఫొటోలు తీసి ఫోన్లో లోకమంతటికీ చూపిస్తారు. ఎప్పుడూ ముందుగా చెప్పరు. తూకంసారు కుడిచేత్తో కోటు సర్దుకుని, సర్దుకుని, చివరికి నలిపేస్తున్నాడు.

"సముద్రం వైపు ఖాళీ లేదండీ. స్తంభం పక్కన ఉంది," అన్నాను.

"మాకెప్పుడూ అక్కడే ఇస్తారు!" అంది ఆవిడ.

"ఇవాళ ముందు వచ్చినవాళ్ళు కూర్చున్నారండీ."

ఆవిడ ఏదో అనబోయింది. వాళ్ళాయన కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "ఎక్కడో ఒకచోట కూర్చుందామే, కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు. స్తంభం వెనక ఫొటోకి వెలుతురు చాల్లేదు. "ఈ హోటల్లో మొదటిసారి అన్నం చల్లారకముందు తిన్నానండీ," అని ఆయన తరవాత గుసగుసన్నతో చెప్పుకుని మురిసిపోయాడట. ఆవిడ మాత్రం చివరిదాకా మూతి ముడుచుకునే కూర్చుంది.

అత్త దగ్గరికి చేప వచ్చింది. గుసగుసన్న పళ్ళెం పెట్టి, అది ఏ నీళ్ళలోదో, ఏ వెన్నలో ఎంత సన్నటి సెగ మీద వేగిందో తన ధోరణిలో వివరించాడు.

"ఎందుకయ్యా అంత మెల్లగా చెప్తున్నావు? చేప వింటుందనా?" అంది అత్త.

ఆయన ఎప్పుడూ లేనిది పైకి నవ్వేశాడు.

పళ్ళెం బండి చక్రమంత ఉంది. చేప ముక్క ఒక అంచున, ఒంటరిగా ఉంది. అత్త దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఆఖరి ట్రిప్పులో ఎక్కిన ఒక్క పాసింజరులా ఉన్నావు కదే," అంది దానితో జాలిగా. కానీ తినడం మొదలుపెట్టాక మాట్లాడలేదు. ఒక్కొక్క ముక్కా నెమ్మదిగా, కళ్ళు సగం మూసుకుని తిన్నది. ఎప్పుడూ బస్సు కదిలేలోపు నాలుగు ముద్దలు మింగే మనిషి అంత తీరుబడిగా నమలడం నేను చూడడం అదే మొదటిసారి.

సముద్రం మీద ఎరుపు ఇంకా పోలేదు. సిగ్నలు పడింది. కార్ల మధ్యలోంచి అత్త బస్సు వచ్చి సరిగ్గా మా అద్దం ఎదురుగా ఆగింది. ఫుట్‌బోర్డు మీద ఆవిడ బదులు వచ్చిన కండక్టరు ఉన్నాడు. సడన్‌బ్రేకు స్టీరింగు మీద వేళ్ళు ఆడిస్తూ యథాలాపంగా ఇటు తిరిగాడు. తిరిగి ముందుకి చూశాడు. మళ్ళీ ఇటు తిరిగాడు. నోరు తెరుచుకుంది.

అత్త గ్లాసు పైకెత్తింది.

అప్పుడు మోగింది హారను. ఒకసారి మోగి ఆగలేదు, మోగుతూనే ఉంది. కొవ్వొత్తులు తప్ప హాల్లో అన్నీ ఉలిక్కిపడ్డాయి. బస్సు కిటికీల్లోంచి తలలు, చేతులు బయటికి వచ్చాయి. ఎవరో గుర్తుపట్టి, "మన కండక్టరమ్మే!" అని అరిచారు. పచ్చలైటు పడింది. బస్సు కదిలింది గానీ హారను ఆగలేదు. వెనక కార్లు కూడా ఎందుకో తెలియకుండానే అందుకున్నాయి. నర్సులు చప్పట్లు కొట్టారు. ముసలాయన చేతికర్ర ఊపాడు. బడిపిల్ల అద్దానికి రెండు అరచేతులూ ఆనించి ఎగురుతోంది.

తూకంసారు కుండీ పక్కన నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ ఒకేసారి కోటు మీద పడ్డాయి. ఆ సైగకి అర్థం మాకెవరికీ నేర్పలేదు.

బిల్లు కట్టి అత్త లేచింది. చిన్న కేకు ఎందుకు రాలేదని అడిగింది. ఆకలికి కేకు లేదని గుసగుసన్న చెప్పాడు. తలుపు దగ్గర తూకంసారు తప్పనిసరిగా అడగాల్సిన మాట అడిగాడు. "భోజనం ఎలా ఉందండీ?"

"చేప బావుంది బాబూ. నీళ్ళు ఇంకా బావున్నాయి."

మెట్ల దాకా నేను సాగనంపాను. అక్కడ ఆవిడ సంచీలోంచి స్టీలు సీసా తీసి నా చేతిలో పెట్టింది. బస్సులో ఎన్నిసార్లు కింద పడిందో, అంతా సొట్టలే.

"రేపు ఆ జగ్గు దాచేస్తాడే వీడు," అంది. "వాడి వాలకం చూస్తే తెలియట్లా? ఉంచుకో. నేను ఇంకోటి చూసుకుంటాలే."

"రేపు నన్ను రానిస్తారో లేదో అత్తా."

"రావద్దన్నాడా?"

"తలుపు దగ్గర ఉండవన్నాడు."

"ఉండవన్నాడు. ఉండొద్దనలేదుగా. దిగమనేదాకా దిగకు." బూట్లు టక్కుటక్కుమనిపిస్తూ బస్సుస్టాపు వైపు వెళ్ళిపోయింది.

మర్నాడు తూకంసారు మేడ మీదకి వెళ్ళి వచ్చాడని వంటింట్లో అనుకున్నారు. ఏం చెప్పాడో, పెద్దావిడ ఏమందో ఎవరికీ తెలియదు. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. నేను తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

గోడ పక్కన బల్ల మీద జగ్గు లేదు. అది ఉండే చోట గుండ్రటి మరక ఒక్కటే ఉంది. గుసగుసన్న నావైపు చూసి భుజాలు ఎగరేశాడు. నేను పూల కుండీ వెనక దాచిపెట్టిన అత్త స్టీలు సీసా వైపు చూపు పోనిచ్చాను. ఆయనా చూశాడు. మళ్ళీ బూటు లేసు ఊడినట్టు వంగాడు, ఈసారి నవ్వు దాచుకోవడానికి.

పొద్దు వాలింది. తలుపు తెరుచుకుంది. ఒక తల్లీ, కొడుకూ. ఆవిడ చెప్పు పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది. కుండీ అవతల ఎడమచెయ్యి కోటు మీద పడింది.

"ఇటు రండి," అని సముద్రం వైపు దారి చూపించాను. సీసా మూత అప్పటికే వదులు చేసి పెట్టుకున్నాను.